ఆ పదకొండు నిమిషాలు

పోయిన వారం మన విమర్శకుణ్ణి సినిమాహాలు మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. పాపం వారం రోజులూ అక్కడే నిలబడ్డాడని జాలిపడకండి, కథలో గడిచింది ఒక్క నిమిషమే. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

ఆయన వారపత్రికలో ముప్ఫయ్యేళ్ళుగా 'చివరి వరుస' అనే శీర్షిక రాస్తున్నాడు. ఏ సినిమాకీ పూర్తి మార్కులు వెయ్యడు. ఎంత నచ్చినా ఓ అరమార్కు కోస్తాడు. అందుకని ఆఫీసులో ఆయన పేరు అరమార్కు. ఎదురుగా మాత్రం సార్ అంటారు. మూడేళ్ళుగా ఏ సినిమా చూసినా ఆయనకి ఏమీ అనిపించడం లేదు. నవ్వు రాదు, ఏడుపు రాదు, చివరికి విసుగు కూడా రాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రుచి తెలియకుండా పోయిన వంటమనిషి చేతి అంచనాతో ఉప్పు వేసినట్టు, అలవాటుకొద్దీ రాసుకుపోతున్నాడు. అలాంటి మనిషి నెల కిందట ఓ మధ్యాహ్నం ఆటకి వెళ్ళి, బట్టలు కుట్టే ఓ ముసలావిడ కథ చూసి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు అద్దెకున్న ఇల్లు ఖాళీ చేస్తూ ఆ ముసలావిడ చివర్లో ఒక్కో గదిలోకీ వెళ్ళి, నిలబడి, తలుపు వేసుకుంటూ వస్తుంది. పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. చప్పుడు లేకుండా రెండు నిమిషాలు కూర్చోలేని ఈ కాలం ప్రేక్షకులకి ఇదే సరైన మందని మన అరమార్కు మూడు పేజీలు రాసి, జీవితంలో మొదటిసారి అరమార్కు కొయ్యకుండా వదిలేశాడు. ఆ వ్యాసంతో ఖాళీ హాలు నిండింది. ఆ వ్యాసం పేరే పెట్టి ఆయన పుస్తకం అచ్చుకి కూడా వెళ్ళింది.

మొన్న ఆ హాలు ఆపరేటర్ దగ్గర్నించి ఓ చీటీ వచ్చింది. "ఆ పదకొండు నిమిషాల గురించి మీతో మాట్లాడాలి. గురువారం ఉదయం మొదటి ఆటకి ముందే రండి. ఫోన్లో చెప్పేది కాదు." అందుకొచ్చాడు. అదీ సంగతి.

గాజు తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు. ఎనిమిది దాటింది. మనుషులెవరూ లేరు గానీ నిన్నటి పాప్‌కార్న్ వాసన మాత్రం అక్కడే కాపలా ఉంది. ఆ వాసన మీద ఆయన ఇప్పటికి ఏడు వ్యాసాలు రాశాడు. వెనక్కి వాలే కుర్చీల మీద ఒకటి రాశాడు: సినిమా చూడ్డానికొచ్చారా, పన్ను పీకించుకోడానికొచ్చారా అని. అరగంట ప్రకటనల మీద ఒకటి. చివర్లో పేర్లు పడగానే కొంప అంటుకున్నట్టు లేచి పరిగెత్తేవాళ్ళ మీద మూడు. ఫోన్ల మీద రాసినవాటికి లెక్కే లేదు. చీకట్లో ముక్కూమొహం తెలియనివాడి పక్కన కూర్చుని వాడితోపాటు నవ్వడానికే మనిషి హాలుకి వెళ్ళేవాడనీ, ఇప్పుడు ఎవడిల్లు వాడు వెంట తెచ్చుకుని, కుర్చీలో కాపురం పెట్టి, ఆటయ్యాక మూటగట్టుకుని పోతున్నాడనీ ఆయన బాధ. బాధ అని అలవాటుగా అన్నాను గానీ, మూడేళ్ళుగా అదీ లేదు. రాయడం ఒక్కటే ఉంది.

టికెట్ల కౌంటర్ పక్కన ఆయన వ్యాసమే నిలువెత్తు అట్టమీద నిలబడి ఉంది. దాని కింద ఎర్ర అక్షరాలతో ఇలా రాసి ఉంది: 'చివరి పదకొండు నిమిషాలు శబ్దం ఉండదు. దయచేసి ఫిర్యాదు చేయవద్దు. ఇట్లు, యాజమాన్యం.' చదివాడు. గర్వంగా ఉండాలి. లేదు.

"వచ్చారా సార్? పైకి రండి. మెట్లు ఇరుకు, తల జాగ్రత్త."

ఆపరేటర్‌కి యాభై ఏళ్ళుంటాయి. నడుముకి తాళాల గుత్తి, కాళ్ళకి అరిగిన చెప్పులు, జేబులో మడతపెట్టిన కాగితం. ఒకప్పుడు ఆపరేటర్ గది అంటే వేడి, నూనె వాసన, గిరగిర తిరిగే రీళ్ళు. ఇప్పుడు నాలుగు హాళ్ళకి నాలుగు పెట్టెలు, వాటి ఫ్యాన్ల రొద, మధ్యలో నడవా. నాలుగింటికీ ఈయనొక్కడే. ఒకదాని దగ్గరుంటే మిగతా మూడూ వాటి మానాన అవి ఆడుకుంటాయి.

"టీ తెప్పించమంటారా?"

"వద్దు. సంగతేంటో చెప్పండి."

ఆపరేటర్ జేబులో కాగితం తీసి, ఇనప బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేశాడు.

"ఈ పెట్టెలు ఏం జరిగినా రాసి పెట్టుకుంటాయి సార్. ఇది మీరొచ్చిన రోజుది. ఇక్కడ చూడండి. నాలుగూ పదమూడుకి మూడో హాల్లో ఆంప్లిఫైయర్ ఆగిపోయింది. నాలుగూ ఇరవైనాలుగుకి దానంతటదే మొదలైంది."

"అంటే?"

"సౌండు పోయింది సార్. నిశ్శబ్దం సినిమాలో లేదు. మా హాల్లో ఉంది."

విమర్శకుడి చెయ్యి జేబులోంచి కలం తీసి, మూతతో బల్ల అంచు మీద కొట్టింది. టక్. కాస్త ఆగి, టక్ టక్. ఏ వాక్యం మొదలుపెట్టేముందైనా ఆయన అలా కొడతాడు. ఆఫీసులో అందరూ ఆయన వెనకాల దాన్ని అనుకరించి నవ్వుకుంటారు. ఈసారి వాక్యం రాలేదు. తనకేమనిపిస్తోందో చూసుకున్నాడు. ఏమీ అనిపించలేదు. కాగితం మీద అంకెలు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఆ రోజు హాల్లో అయిదుగురం ఉన్నాం," అన్నాడు చివరికి. "ఎవరో ఒకరు వచ్చి చెప్పొచ్చుగా?"

ఆపరేటర్ ఇబ్బందిగా చెవి గోక్కున్నాడు.

"చెప్పబోయారు సార్. మీరు చెప్పనివ్వలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. ముందు వరుసలో ఓ లావుపాటావిడ లేచి, "సౌండు రావట్లేదండీ," అంది. "కూర్చోండమ్మా, కావాలనే తీసేశారు. అర్థం చేసుకోండి," అన్నాడీయన వెనకనించి, మేష్టారు గొంతుతో. ఆవిడ కూర్చుంది. కళ్ళజోడాయన ఒకడు ఫోన్ తీశాడు. "ఆ ఫోన్ కట్టెయ్యండి. పది నిమిషాలు దాని మొహం చూడకుండా ఉండలేరా?" అన్నాడు. ఆయనా కట్టేశాడు. తర్వాత వ్యాసంలో ఆ కళ్ళజోడాయన్నే పట్టుకుని, కాలం చెడిపోయిందనడానికి సాక్ష్యంగా అరపేజీ ఉతికి ఆరేశాడు.

"తెర కింద ఓ నంబరుంటుంది సార్, ఏదన్నా తేడా వస్తే చెయ్యమని. అది నాకే వస్తుంది. ఆయన ఆ నంబరే కొడుతున్నాడట. సగం కొట్టాక ఎవరో పెద్దాయన కేకలేశారని కట్టేశాడు. తర్వాత మీ పత్రిక చదివి, అది తన గురించేనని తెలుసుకుని, మొన్న మళ్ళీ వచ్చాడు. నన్నడిగాడు సార్, 'ఏమండీ, నాకు సినిమా చూడ్డం రాదా?' అని."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? ఉద్యోగం. వస్తుంది లెండి, అలవాటవుతుంది అన్నాను."

పెట్టెల ఫ్యాన్లు రొదపెడుతున్నాయి. ఆపరేటర్ చెప్పుకుపోయాడు. ఆంప్లిఫైయర్ ఆ ఒక్కరోజే మొరాయించింది, మర్నాటి నించి బాగానే పలికింది. వ్యాసం వచ్చాక జనం వెల్లువలా వచ్చారు. చివర్లో చప్పుడు వినపడేసరికి కంగారుపడ్డారు. నిశ్శబ్దం ఉంటుందని రాశారు కదా, మీ హాల్లో సౌండు పాడైందా అని మేనేజర్ మీద విరుచుకుపడ్డారు. మేనేజర్ ఒక్కరోజు ఆలోచించాడు. రెండోరోజు ఆపరేటర్‌ని పిలిచి, ఆ పదకొండు నిమిషాలూ సౌండు కట్టెయ్యమన్నాడు.

"రోజుకి నాలుగాటలు సార్. నాలుగుసార్లు ఈ వేలితోనే నొక్కుతున్నా. ఎన్ని పనులున్నా ఆ టైముకి పరిగెత్తుకొస్తున్నా. సౌండు పోతే పరిగెత్తాల్సినవాణ్ణి, పోగొట్టడానికి పరిగెడుతున్నా." ఆపరేటర్ తన చూపుడువేలు కేసి చూసుకున్నాడు. "అయినా నోరు మూసుకునేవాణ్ణే. కానీ మొన్న ఆదివారం ఒకాయనొచ్చారు. చూపు లేదు. వాళ్ళక్క చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది, ప్రతి కొత్త సినిమాకీ వస్తారు. నేను మీట నొక్కి, హాలు తలుపు దగ్గర నిలబడ్డాను. 'అయిపోయిందా అక్కా?' అన్నాడు. 'లేదురా, నడుస్తోంది' అంది. 'ఏం నడుస్తోంది?' అన్నాడు. ఆవిడేం చెబుతుంది? 'ఏం లేదు, ఖాళీ గదులు' అంది. పదకొండు నిమిషాలు సార్. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చున్నాడు. అసలది ఖాళీ ఇల్లు కాదు సార్. దాన్నిండా మనుషులున్నారు. వాళ్ళందర్నీ నేనే నొక్కేశాను."

విమర్శకుడు కలం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"రేపు శుక్రవారం నించి అన్ని ఊళ్ళకీ చప్పుడు లేని కాపీయే వస్తోందట. మా హాలు ఒక్కటే నిండుతోంది కదా, అందరూ అదే కావాలంటున్నారు. మా మేనేజర్‌కి నేను చెబితే నా ఉద్యోగం పోతుంది. మీరు రాస్తే లోకమంతా వింటుంది."

"ఏమని రాయను?" అన్నాడు విమర్శకుడు. గొంతులో కోపం లేదు, కావాలన్నా దొరకలేదు. "ఇన్నేళ్ళలో నన్ను ఏడిపించింది ఓ చెడిపోయిన పెట్టె అని రాయనా? పుస్తకం అచ్చవుతోంది. అట్టమీద ఆ వ్యాసం పేరే ఉంది."

ఆపరేటర్ ఆశ్చర్యంగా చూశాడు. "ఏడ్చారా సార్?"

"ఏడ్చాను."

"అయితే అసలుది ఒక్కసారి వినండి. విన్నాక మీ ఇష్టం. నేను మళ్ళీ అడగను."

మూడో హాల్లో చివరి వరుస, ఎప్పుడూ కూర్చునే కుర్చీ. హాలంతటికీ ఒక్కడే. దీపాలు ఆరాయి. తెరమీద ముసలి దర్జీ గుమ్మంలో నిలబడింది. చేతిలో తాళం చెవి.

మొదటి గదిలో ఏమీ లేదు. ఖాళీ నేల, గోడ మీద మిషను ఆనించిన చోట నల్లటి మరక. కానీ మిషను చప్పుడు వస్తోంది. తొక్కుడు ఆగి, మొదలై, మళ్ళీ ఆగుతోంది. ఎవరో ఆడపిల్ల నవ్వింది. 'కదలకే, సూది గుచ్చుకుంటుంది' అంది ఓ గొంతు, పళ్ళమధ్య దారం పట్టుకుని మాట్లాడినట్టు. ముసలావిడ తలుపు వేసింది. చప్పుడు తలుపు వెనకాలే ఉండిపోయింది. వంటింట్లో గిన్నెలు, కుళాయి, ఎవరో కాలు జారి తిట్టుకోవడం, దానికి ఇద్దరు పకపకా నవ్వడం. ఆ తలుపూ వేసింది. విమర్శకుడు వింటున్నాడు. బాగుంది అనుకున్నాడు. చాలా బాగుంది. పరీక్ష పేపరు దిద్దుతున్నట్టే అనుకున్నాడు, అంతకుమించి లోపల ఏమీ కదల్లేదు. కుళాయి చప్పుడు కాస్త ఎక్కువసేపుంది, అరమార్కు కొయ్యొచ్చు అని కూడా అనుకున్నాడు.

చివరిది నడవా కొసనున్న గది. ఈ గది తలుపు మొదట్నించీ వేసే ఉంది. ముసలావిడ దాని ముందు నిలబడింది. తలుపు వెనకనించి చిన్న చప్పుడొచ్చింది.

టక్. కాస్త ఆగి, టక్ టక్.

విమర్శకుడు చప్పున తన చేతికేసి చూసుకున్నాడు. చెయ్యి ఒళ్ళోనే ఉంది. కలం జేబులో ఉంది.

చిన్న చిన్న అడుగులు, చెప్పుల్లేని కాళ్ళవి, నడవాలో వచ్చి ఆగాయి. చిన్న వేళ్ళు తలుపు కొట్టాయి.

'నాన్నా.'

'ఇప్పుడు కాదు.'

'ఒక్కటే నాన్నా. నేనే పట్టాను. ఒక్కసారి విను.'

'చెప్పానుగా, ఇప్పుడు కాదు.'

మళ్ళీ కలం మూత చప్పుడు. టక్. టక్ టక్. చిన్న అడుగులు కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్ళాయి. తెరమీద ముసలావిడ ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడి, తెరవకుండానే తాళం వేసింది.

'ఇప్పుడు కాదు' అన్న గొంతు ఆయనదే. పాతికేళ్ళ కిందటిది, ఇంకా జీర పట్టనిది.

ఆయనకి ఒక్కతే కూతురు. పుట్టిన దగ్గర్నించీ ఏ చప్పుడు విన్నా ఆటాపి చెవులు రిక్కించేది. నాయనమ్మ దాన్ని చెవులపిల్లి అని పిలిచేది. తొమ్మిదో ఏట మేనమామ ఓ చిన్న టేప్‌రికార్డర్ కొనిచ్చాడు. అది చంకన పెట్టుకుని ఇల్లంతా తిరిగేది. పిల్లలాటలే అనుకున్నాడీయన. పెద్దయ్యాక సినిమాలకి శబ్దం పట్టే పనిలో చేరింది. అయిదేళ్ళ కిందట దాని మొదటి సినిమా వచ్చింది. కూతురని వెనకేసుకొచ్చాడని ఎవరన్నా అంటారేమోనని, ఎప్పటికంటే ఇంకో అరమార్కు ఎక్కువ కోసి, ఒక్క ముక్క రాశాడు: 'శబ్దం తన గొప్ప చాటుకోవాలని ఆరాటపడింది.' కూతురు ఆ పేజీ భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదివింది. తినడం పూర్తి చేసింది. కంచం కడిగి పెట్టింది. వెళ్ళిపోయింది. మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు. వాళ్ళమ్మతో ఆదివారాలు ఫోన్లో మాట్లాడుతుంది. ఆ టైములో ఈయన పేపరు తెరిచి పట్టుకుంటాడు.

పేర్లు పడుతున్నాయి. ఈసారి కదల్లేదు. ఆ రోజు మాత్రం, ఎవరన్నా చూస్తారేమోనని కళ్ళు తుడుచుకుంటూ పేర్లు పడకముందే లేచిపోయాడు. లేచిపోయేవాళ్ళ మీద మూడు వ్యాసాలు రాసిన పెద్దమనిషి. ఇంటికెళ్తే భార్య వంటింట్లోంచే అడిగింది, "పేర్లు పడేదాకా ఉన్నారా?" అని. "ఉండకేం," అన్నాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అలా ఎందుకడిగిందో ఇప్పుడు తెలిసింది. శబ్దం అన్న మాట ఎదురుగా కూతురి పేరుంది, ఇంటిపేరు తీసేసి వాళ్ళమ్మ పుట్టింటి పేరు తగిలించుకుని.

ఏడుపొస్తుందేమోనని చూశాడు. రాలేదు. దాని బదులు ఇంకేదో మెడ వెనకనించి చెవుల్లోకి వేడిగా పాకింది. ఏమిటో గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. అది సిగ్గు. ఆ రోజు కన్నీళ్ళు పక్కన పెడితే, మూడేళ్ళ తర్వాత ఆయనకి కలిగిన మొట్టమొదటి భావం అది.

దీపాలు వెలిగాయి. ఆపరేటర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఎలా ఉంది సార్?"

"ఈ సినిమా తీసిన డైరెక్టరమ్మాయి నంబరుందా మీ దగ్గర?"

డైరెక్టరమ్మాయి రెండో రింగుకే ఎత్తింది. ఈయన గొంతు వినగానే పొంగిపోయింది.

"సార్! మీరే ఫోన్ చేశారా! రేపటి కాపీ గురించేనా? అంతా అయిపోవచ్చింది సార్, ఇవాళ పదింటికల్లా అన్ని హాళ్ళకీ వెళ్ళిపోతుంది."

"ఆపండి. ఆ నిశ్శబ్దం పొరపాటు. ఆ రోజు హాల్లో యంత్రం ఆగిపోయింది. నేను గుర్తుపట్టలేదు. మీ సినిమాలో చప్పుళ్ళు నేనసలు వినలేదు."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఊరికే అంటున్నారా సార్?"

"కాదమ్మా."

"మేమేమనుకున్నామో తెలుసా? చప్పుళ్ళు అంత చక్కగా కలిసిపోయాయి కాబట్టి మీకు నిశ్శబ్దంలా అనిపించిందనుకున్నాం. తర్వాత హాలువాళ్ళు తీసేస్తే జనం వస్తున్నారని తెలిసి, పంపిణీదారు అన్నిచోట్లా తీసెయ్యమన్నాడు. నేను చచ్చినా ఒప్పుకోనన్నాను సార్. కానీ శబ్దం చేసినావిడే తీసేద్దామని పట్టుబట్టింది."

"ఎందుకు?"

"మీ వ్యాసం మడతపెట్టి బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది. 'ముప్ఫయ్యేళ్ళలో ఆయన పూర్తి మార్కులు వేసింది ఇదొక్కదానికే. నా చప్పుడు లేనిచోటే వేశాడు. అంటే అదే సరైంది' అంది. నేనెంత చెప్పినా వినలేదు. పొద్దున్నించీ స్టూడియోలో ఆ పనే చేస్తోంది. చిన్నప్పటి టేపొకటి ఉంది సార్, ఆ చివరి గదిలోది. ఇది పంపేశాక అది కూడా తుడిచేస్తానంది. ఇంక ఎందుకు, దాని పనైపోయింది అంది. పనిలో ఉంటే ఫోను కట్టేస్తుంది, వెళ్ళి ఆపడానికి నేనా ఊళ్ళో లేను." అంతలో అనుమానమొచ్చి, "ఆవిడ మీకు తెలుసా సార్?" అంది.

"నా కూతురు," అన్నాడు. అయిదేళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. నోటికి కొత్తగా తగిలింది.

స్టూడియో ఎక్కడో అడిగి తెలుసుకుని, ఆపరేటర్‌కి చెప్పకుండానే మెట్లు దిగాడు. కింద నిలువెత్తు అట్ట ముందు ఒక్క క్షణం ఆగి, దాన్ని తిప్పి గోడకేసి పెట్టాడు. తర్వాత రోడ్డు మీదికొచ్చి కనబడిన మొదటి టాక్సీ ఎక్కాడు. డ్రైవర్ ముందున్న ఫోన్లో ఏదో సినిమా మనుషులు రెట్టింపు వేగంతో పరిగెడుతున్నారు, ఎలకల్లా మాట్లాడుతున్నారు. వేరే రోజైతే దానిమీద వ్యాసం అయ్యేది. "కాస్త తొందరగా పోనివ్వండి," అన్నాడంతే. దారంతా ఏం చెప్పాలో కూర్చుకుందామని చూశాడు. వాక్యాలు వచ్చాయి. అన్నీ వ్యాసంలో వాక్యాలే. ఒక్కటీ పనికిరాలేదు.

స్టూడియో రెండో అంతస్తులో. సన్నటి నడవా, నేలమీద బూడిద రంగు తివాచీ, అడుగు చప్పుడు కూడా వినపడదు. కొసన మూసిన తలుపు. దానిమీద ఎర్రదీపం వెలుగుతోంది. అది వెలుగుతుంటే తలుపు జోలికి పోకూడదని సినిమా సంగతులు తెలిసిన ప్రతివాడికీ తెలుసు. పోయినా లాభం లేదు, తలుపు జానెడు మందం, కొడితే లోపలికి వినపడదు. పక్కన గోడకి చిన్న పెట్టె, దానికో మీట. ఇక్కడ నొక్కి మాట్లాడితే లోపల వినపడుతుంది. లోపల నొక్కితే ఇక్కడ.

నడవా గోడ గడియారంలో పదికి తొమ్మిది నిమిషాలుంది.

మీట నొక్కాడు. లోపల ఎక్కడో గంట మోగి ఉంటుంది. పెట్టె గరగరమంది.

"ఇప్పుడు కాదు," అంది కూతురి గొంతు. ఎవరని అడగలేదు. గరగర ఆగిపోయింది.

ఆ గొంతులో విసుగైనా లేదు. పనిలో ఉన్న మనిషి గొంతు, అంతే. ఇన్నేళ్ళూ తనది కూడా అంతేనని, ఎవర్నీ ఏమీ అనలేదని ఆయన అనుకుంటూ ఉండేవాడు. తలుపుకి ఇవతల నిలబడి వింటే ఎలా ఉంటుందో ఎప్పుడూ తెలియలేదు.

మళ్ళీ మీట నొక్కాడు. నేనమ్మా, నాన్నని అనాలి. నోరు తెరిచాడు. పదిహేనువందల వ్యాసాలు రాసిన మనిషికి రెండు ముక్కలు నోట్లోంచి ఊడిపడలేదు. గడియారంలో పెద్దముల్లు ఒక్క గీత జరిగింది. చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్ళి కలం తీసింది. ఒక చేత్తో మీట నొక్కి పట్టుకుని, రెండో చేత్తో కలం మూత పెట్టెకి ఆనించి కొట్టాడు.

టక్. కాస్త ఆగి, టక్ టక్.

మీట వదిలాడు. అవతల ఏమీ లేదు. పైన ఎర్రదీపం అలాగే వెలుగుతోంది. పదికి ఏడు నిమిషాలు. ఎవరో ఫైళ్ళు పట్టుకుని నడవాలోంచి వెళ్తూ, దీపం వెలుగుతుంటే తలుపు దగ్గర నిలబడిన పెద్దాయన్ని వింతగా చూసి వెళ్ళారు. పదికి ఆరు.

అప్పుడు పెట్టెలో సన్నగా గరగర మొదలైంది. లోపల ఎవరో మీట నొక్కారు. మాట రాలేదు. మీట వదల్లేదు కూడా. ఆయన వంగి, పెట్టెకి చెవి ఆనించాడు. అవతల, చాలా దగ్గరగా, ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారు.